గడీ దర్వాజ: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో దొరల కోటల ముఖద్వారం

తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖులు, మక్తేదార్లు, పట్వారీ దొరలు కాపురమున్న కోటలాంటి ఇంటిని గడీ అంటారు. గడీ ప్రహరీలో ఊరివైపు తెరుచుకునే పెద్ద ద్వారపు కట్టడం గడీ దర్వాజ. కమాను, దాని వెనక చల్లటి నడవ, నడవకు అటూ ఇటూ అరుగులు, పహరా గదులు, పైన మేడగది, పక్కన బురుజు, ఇవన్నీ కలిస్తేనే దర్వాజ. గొల్లపల్లి మండలమూ దాని చుట్టూ పరుచుకున్న పాత జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల తాలూకాలూ గడీల ప్రాబల్యం గట్టిగా సాగిన సీమ. ఊళ్లో చాలామందికి గడీతో పరిచయం దర్వాజ దాకానే. లోపలి భవంతిలో ఎన్ని గదులున్నాయో తెలియకుండానే తరాలు గడిచాయి. కాబట్టి గడీని అర్థం చేసుకోవాలంటే దొర పడుకున్న గది కన్నా ఊరు నిలబడిన చోటును ముందు చూడాలి.

నేపథ్యం

గొల్లపల్లి జగిత్యాలకు తూర్పున ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా కరీంనగర్ జిల్లాలోది. 1905కు ముందు అదే ఎలగందుల జిల్లా. ఉత్తరాన గోదావరి, నది దాటితే టేకు అడవులు, ఊరూరా చెరువు, పొలాల మధ్య నల్లరాతి గుట్టలు. గడీకి కావలసిన రాయి, మట్టి, కలప అన్నీ చేతికి అందే దూరంలో ఉండేవి. వాటిని మోసుకొచ్చే మనుషులను దొరల చేతికి అప్పగించింది మాత్రం నిజాం నాటి రెవెన్యూ ఏర్పాటు.

1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగ్ శిస్తు వసూలు పద్ధతిని మార్చాడు. అంతదాకా దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు గుత్తకు పట్టి శిస్తు వసూలు చేసేవారు. 1865 నాటి జిలాబందీతో, అంటే జిల్లాల ఏర్పాటుతో, ఆ పని సర్కారు ఉద్యోగులకు పోయింది. పోయిన హక్కుకు బదులుగా వాళ్లకు వతన్లు, రుసుములు దక్కాయి. ఆ తరవాత భూముల సర్వే జరిగినప్పుడు మంచి మంచి నేలలు చాలాచోట్ల వాళ్ల పట్టాల్లోకే చేరాయి. పటేల్, పట్వారీ కొలువులు కూడా ఆ కుటుంబాల చేతుల్లోనో, వాళ్ల మాట జవదాటని వాళ్ల చేతుల్లోనో ఉండేవి. భూమి కాగితం, చెరువు తూము, అప్పు, తగాదా తీర్పు, అన్నింటికీ ఊరు ఒకే ఇంటికి రావలసి వచ్చింది. అంతమంది వచ్చి పోయే ఇంటికి వట్టి తలుపు చాలదు. ఎవరు ఎక్కడ ఆగాలో, ఎవరు ఎంతదూరం రావచ్చో తేల్చే కట్టడం కావలసి వచ్చింది.

కోటల నుంచి తెచ్చుకున్నవి

గడీ దర్వాజకు ముందు ఈ నేలమీద ద్వారాలకు పెద్ద చరిత్రే ఉంది. ఓరుగల్లు కోటలోని నాలుగు కాకతీయ కీర్తితోరణాలకు తలుపులే లేవు. అవి అడ్డుకోవడానికి కట్టినవి కావు, ఆలయ ప్రాంగణపు ఘనతను దూరానికే చాటడానికి నిలిపినవి. అదే ఓరుగల్లులో రాతికోట ద్వారాలు మరో పద్ధతివి. లోపలికి నేరుగా పోనివ్వవు, రెండుసార్లు మలుపు తిప్పుతాయి. దూసుకొచ్చే సైన్యం వేగం ఆ మలుపుల్లో విరిగిపోవాలి, పైనున్నవాళ్లకు కింద చిక్కినవాళ్లు స్పష్టంగా కనబడాలి.

మన సీమకు దగ్గరి నమూనాలు ఎలగందుల కోట, జగిత్యాల కోట. నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో ఉన్న జగిత్యాల కోటను 1747లో ఎలగందుల పాలకుడు ఇబ్రహీంఖాన్ ధంసా కట్టించాడనీ, ఫ్రెంచి ఇంజనీర్ల చేయి అందులో ఉందనీ స్థానిక చరిత్ర చెబుతుంది. ఫిరంగుల యుగానికి తగ్గట్టు కోణాలు తీర్చిన బురుజులు దానివి. పల్లె దొరకు ఆ విద్య అవసరం పడలేదు. అతను తీసుకున్నది గుండ్రటి బురుజును, దాని ఎత్తును, ఊరు దాటకముందే కనబడే దాని ఆకారాన్ని.

గోల్కొండ ప్రభావం తలుపుమీద కనిపిస్తుంది. ఫతే దర్వాజ తలుపులకు పొడవాటి ఇనుప ములుకులు ఉంటాయి. ఏనుగులు కుంభస్థలంతో కుమ్మకుండా పెట్టినవి అవి. గడీల కాలానికి ఏనుగు దండ్లు లేవు. అయినా ములుకు పొట్టిదై, మొన పోగొట్టుకుని, ఇత్తడి గుబ్బగానో ఇనుప బొడిపెగానో తలుపు మీదికి వచ్చి చేరింది. యుద్ధంలో పనికొచ్చిన వస్తువు హోదా గుర్తుగా మారడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మన పల్లె వాస్తులో దొరకదు.

సంస్థానాల కోటలు గడీలకు పెద్దన్నలు. పద్దెనిమిదో శతాబ్దపు తొలి ఏళ్లలో సోమభూపాలుడు కట్టించిన గద్వాల కోట, వనపర్తి రాజభవనం, కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట, నిజామాబాద్ జిల్లాలో శీలం జానకీబాయి పాలించిన సిర్నాపల్లి గడీ పేరున్నవి. సంస్థానాధీశుల ద్వారాల మీద నగారాఖానా ఉండేది, వేళకు నగారా మోగేది. పల్లె గడీలో నగారా మోగించే హోదా లేకపోయినా ద్వారం మీద ఒక గది వేసే ఆనవాయితీ మిగిలింది. మన పక్క ఆ పైగదిని బంగ్లా అనడం అలవాటు. దొర ఊరిని చూడడానికీ, వచ్చిన అధికారికి బస ఇవ్వడానికీ, దస్త్రాలు దాచడానికీ అది పనికొచ్చేది.

దర్వాజ అమరిక

గడీలన్నీ ఒక్కలా ఉండవు. కొన్నిటికి నాలుగు మూలలా బురుజులు, కొన్నిటికి ఒక్కటే. కొన్నిచోట్ల దర్వాజ ఒక అంతస్తు, కొన్నిచోట్ల రెండు. అయినా అమరికలో ఒక వరుస ఉంది.

ముందుగా బయటి జాగా. దర్వాజ ఎదుట బండ్లు తిరిగేంత, మనుషులు గుమిగూడేంత ఖాళీ స్థలం విడిచిపెడతారు. చాలాచోట్ల వేపచెట్టో చింతచెట్టో నీడకు ఉంటుంది. పంచాయితీకి వచ్చినవాళ్లు, వెట్టికి పిలిపించినవాళ్లు, పండగపూట మొక్కి పోవలసినవాళ్లు అంతా అక్కడే ఆగాలి. పటంలో గీస్తే అది గడీ బయటి స్థలం. వాడుకలో మాత్రం గడీలో అందరికన్నా ఎక్కువమంది మసలిన భాగం అదే.

తరవాత మెట్లు. గడీని ఊరి నేలకన్నా ఎత్తులో కడతారు. సహజంగా ఎత్తు లేకపోతే మట్టి పోసి మెరక చేస్తారు. వానాకాలం నీళ్లు లోపలికి రాకుండా ఉండడానికి అది అవసరమే. కానీ కింద నిలబడిన మనిషి తల ఎత్తి మాట్లాడవలసి రావడం కూడా ఆ ఎత్తు వల్లనే.

మెట్లెక్కితే కమాను. పాత గడీల్లో మొన తేలిన కమాను, దాని చుట్టూ గచ్చుతో తీర్చిన తీగలు, చిలుకలు, పూలు. పైభాగంలో అటొకటి ఇటొకటి సింహం బొమ్మలు, నడుమ గజలక్ష్మి. కమాను వంపు గోల్కొండ, హైదరాబాదుల నుంచి వచ్చింది. గజలక్ష్మి గుడి ద్వారబంధం నుంచి వచ్చింది. సింహాల్లో కొన్నిటికి తెల్లదొరల భవనాల పోలిక కూడా కనబడుతుంది. హైదరాబాదులో 1803 ప్రాంతంలో మొదలై కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే తరవాత కోఠి మహిళా కళాశాల నడిచిన భవనం, ముందు మెట్ల దగ్గర రాతి సింహాలతో, ఎత్తయిన స్తంభాలతో ఒక కొత్త హంగును నిజాం ప్రభువర్గానికి చూపించింది. ఇరవయ్యో శతాబ్దపు గడీల్లో కమాను పక్కన గుండ్రటి స్తంభాలు, పైన త్రికోణపు ముఖభాగం, అందులో కట్టిన సంవత్సరం చెక్కడం ఆ దారిలో వచ్చినవే. ఇన్ని మూలాల సంగతులు ఒకే గోడమీద కలిసినా పేచీ పడకుండా కుదరడం ఈ పనివాళ్ల గొప్పతనం. గచ్చుపని చేసినవాళ్లు కొలతలో తూకం తప్పలేదు.

కమాను దాటితే నడవ. పగటి ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే కళ్లకు చీకటి కమ్ముతుంది, ఒంటికి చల్లదనం తగులుతుంది. మందపాటి గోడలు, తక్కువ వెలుతురు, రెండు చివరల తెరిపి వల్ల నడవలో గాలి ఎప్పుడూ ఆడుతుంటుంది. రెండువైపులా నడుమెత్తు అరుగులు. అరుగుల వెనక పహరా గదులు, ఒక్కోదానికి చిన్న తలుపు, బయటికి చూసే సన్నటి కంత. ఆ కంత లోపలివైపు వెడల్పుగా, బయటికి పోనుపోను ఇరుకుగా ఉంటుంది. లోపలున్నవాడికి చూపు విశాలంగా తిరుగుతుంది, తుపాకీ కూడా తిప్పుకోవచ్చు. బయటివాడికి చీకటి గీత తప్ప ఇంకేమీ కనబడదు.

నడవ చివర నేరుగా నడిఇల్లు కనిపించదు. అడ్డంగా ఒక గోడ ఉంటుంది, లేదా రెండో ద్వారం కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఓరుగల్లు రాతికోట మలుపు ఇక్కడ ఇంటి ఆడవాళ్ల మరుగుగా మారింది. మొదటి ఆవరణలో కచేరీ, గుమాస్తాల గది, గుర్రాల పాక, గుమ్ములు, ధాన్యం కొలిచే కల్లం. రెండో ద్వారం దాటితే భవంతి, ఆ వెనక వంటిల్లు, బావి, పశువుల కొట్టం. పాలు తెచ్చేవాళ్లకు, పేడ ఎత్తేవాళ్లకు, దాసీలకు పెద్ద దర్వాజతో పని ఉండదు. వాళ్లకు వెనక దిడ్డి ఉంది. ఎవరు ఏ వాకిట్లోంచి వచ్చారో చూస్తే ఊళ్లో వాళ్ల స్థానం ఏమిటో తెలిసిపోయేది.

తలుపు

దర్వాజలో నిదానంగా చూడదగ్గది తలుపే. టేకుతోనో మద్దితోనో చేసిన రెండు రెక్కలు, ఒక్కోటి మనిషికి రెండింతల ఎత్తు. నిలువు చెక్కల వెనక అడ్డపట్టీలు వేసి, ముందు నుంచి ఇనుప మొలలు దిగ్గొట్టి, వెనకవైపు వాటి కొసలను వంచుతారు. బయట కనబడే గుబ్బలు ఆ మొలల తలలే. అందం కోసం పెట్టినట్టున్నా, చెక్కను పట్టీకి బిగించి ఉంచేవి అవే. ఇంత బరువు తలుపును మామూలు కీళ్లు మోయలేవు. అందుకని రెక్క అంచు కర్రనే పైకీ కిందికీ పొడిగించి ఇరుసులా చెక్కుతారు. కింది కొస గడప పక్కన రాతిలో తొలిచిన గుంటలో, పై కొస ద్వారబంధపు తొలిలో తిరుగుతాయి. గుంటలో ఆముదం పోస్తారు. ఆముదం ఆరిపోయినప్పుడు తలుపు తెరిచే చప్పుడు వాడంతా వినబడేది.

లోపలివైపు అడ్డగడియ ఉంటుంది. అది గోడలోనే దాగి ఉండే పొడుగాటి చదరపు దుంగ. ఒకవైపు గోడలో దుంగ పొడవంత లోతైన తొర్ర, ఎదుటి గోడలో జానెడు గుంట. తలుపు మూసి, దుంగను తొర్రలోంచి లాగి, ఎదుటి గుంటలోకి నెడితే రెండు రెక్కలూ ఒక్క బిగువున నిలుస్తాయి. బయటినుంచి ఎంత తోసినా ఆ బలం తలుపుమీద ఆగదు, దుంగ ద్వారా గోడల్లోకి పోతుంది. తలుపులు ఎత్తుకుపోయిన శిథిల గడీల్లో కూడా ఈ తొర్ర కనిపిస్తుంది. గూడు అనుకుని పిట్టలు అందులో కాపురం పెడతాయి. చెయ్యి పెట్టి చూస్తే దుంగ రాపిడికి నున్నబడిన రాయి తగులుతుంది.

పెద్ద తలుపు రోజూ తెరవరు. కుడి రెక్కలోనో ఎడమ రెక్కలోనో మనిషి పట్టేంత చిన్న తలుపు ఉంటుంది. అదీ దిడ్డే. దాని గడప ఎత్తు, తల తగిలే కమ్మీ కింద. లోపలికి పోవాలంటే కాలు ఎత్తి, నడుము వంచి, తల దించాలి. ఒకేసారి ఒక్కరే పట్టగలరు, చేతిలో కర్ర ఉంటే ముందు దాన్ని దించాలి. కాపలాకు ఇది ఎంతో తెలివైన ఏర్పాటు. దొర ముందుకు వచ్చే ప్రతివాడినీ వంగేలా చేసేది కూడా ఇదే. నా దృష్టిలో గడీ దర్వాజలోని అతి ముఖ్యమైన భాగం ఈ చిన్న తలుపు. పెద్ద కమాను చూపుకోసం, దిడ్డి ఊరికోసం.

కట్టిన చేతులు

గడీ కట్టించినవాళ్ల పేర్లు నిలిచాయి, కట్టినవాళ్లవి నిలవలేదు. వాళ్ల పనితనం మాత్రం గోడల్లో చదువుకోవచ్చు. రాయి కొట్టింది, మట్టి తవ్వింది వడ్డెరలు. గోడ కట్టింది కాసెపనివాళ్లు, ఉప్పరులు. తలుపులు, దూలాలు వడ్లవాళ్లవి. మొలలు, గొలుసులు కమ్మరివి. ఇత్తడి గుబ్బలు కంచరివి. పైకప్పు మీద గూన పెంకులు కుమ్మరి సారె మీద తిరిగి వచ్చినవి.

దర్వాజ అడుగుభాగం నల్లరాయి. గుట్టల్లో దొరికే గ్రానైటును వరుస రంధ్రాలు తొలిచి, పగలగొట్టి, మూలలు తీర్చి పేర్చేవారు. ఆ పైన ఇటుకా డంగు సున్నమూ. ప్రహరీ గోడ మాత్రం చాలాచోట్ల వట్టి మట్టి. చెరువు మట్టినో పాటి మట్టినో తవ్వి, గడ్డీ ఊకా కలిపి, నానబెట్టి, కాళ్లతో తొక్కి, ముద్దలుగా వరుస మీద వరుస పెడతారు. ఒక వరుస ఆరేదాకా రెండోది ఎత్తరు. తొందరపడితే కింది వరుస ఉబ్బి గోడ పగులుతుంది. అందుకే మట్టిగోడ ఎండాకాలపు పని, వాన పడేలోగా దానికి పెంకో రాయో నెత్తిన కప్పాలి.

డంగు సున్నం తయారీ ఒక ప్రత్యేక విద్య. కాల్చిన సున్నపురాయిని నీళ్లుపోసి విరిచి, ఇసుకతో కలిపి, గుండ్రటి కాలువలాంటి గానుగలో వేస్తారు. ఎద్దులు తిప్పే రాతిచక్రం దాన్ని గంటల తరబడి నూరుతుంది. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలుపుతారు. బెల్లం వల్ల సున్నం ఆరడం నిదానిస్తుంది, పనివాడికి పట్టు చిక్కుతుంది. సున్నం గట్టిపడేది ఎండకు కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని. ఆ క్రియ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది కాబట్టి పాత సున్నం కొత్తదానికన్నా గట్టి. పై పూతకు మెత్తగా జల్లించిన సున్నాన్ని పూసి, నున్నటి రాయితో అరచెయ్యి కాయలు కాసేలా రుద్దుతారు. ఆ నునుపు ఇప్పటికీ కొన్ని నడవల్లో చెయ్యి జారేలా ఉంది.

కమాను ఎత్తడానికి కింద కర్రలతో, మట్టితో తాత్కాలికంగా అదే వంపులో ఒక దిమ్మ కట్టి, దానిమీద ఇటుకలను అంచుమీద నిలబెట్టి రెండువైపులనుంచి పైకి పోయేవారు. నడిమి ఇటుక బిగించి, సున్నం పట్టుకున్నాక దిమ్మ తీసేస్తారు. కమాను బరువును కిందికే కాక పక్కలకు కూడా నెడుతుంది. ఆ నెట్టుడును ఆపేది పహరా గదుల మందపు గోడలు, బురుజులు. పక్కగదులు కూలిన దర్వాజల్లో కమాను నడుమ బీట కనబడడానికి కారణం అదే.

కావలివాడికి ఇల్లా, అరుగా

ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులలో పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో పెద్ద భూస్వాముల ఎస్టేట్ల ముఖద్వారం దగ్గర గేటు లాడ్జి అనే చిన్న ఇల్లు కట్టేవారు. గేటు తెరిచే కావలివాడు భార్యాబిడ్డలతో అందులో ఉండేవాడు. 1833లో జె.సి. లౌడన్ అచ్చువేసిన గ్రామీణ గృహవాస్తు విజ్ఞాన సర్వస్వంలో ఇలాంటి చిన్న ఇళ్లకు బోలెడు నమూనాలున్నాయి. రెండు గదుల ఇంటిని అందం కోసం చీల్చి గేటుకు అటొకటి ఇటొకటి కట్టిన చోట్ల, ఆ కుటుంబం వానలో గేటు దాటి వంటగది నుంచి పడకగదికి పోవలసి వచ్చేది.

ఐర్లండులోని వాటర్‌ఫర్డ్ కౌంటీలో డ్రొమానా ఎస్టేటు గేటు లాడ్జి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగ్గది. 1826లో ఆ ఎస్టేటు యజమాని హెన్రీ విలియర్స్ స్టువార్ట్ పెళ్లి చేసుకుని వచ్చినప్పుడు, అతని కౌలుదార్లు వంతెన దగ్గర తాత్కాలికంగా ఒక ద్వారం కట్టి స్వాగతమిచ్చారు. అది నచ్చి ఆ దంపతులు తరవాత దాన్ని రాతితో శాశ్వతంగా కట్టించుకున్నారు. ఉల్లిగడ్డ ఆకారపు రాగి గుమ్మటం, సన్నటి మీనార్లు, మొన తేలిన కిటికీలతో హిందూ-గోథిక్ శైలి అని పేరుపడింది. మన గడీ హైదరాబాదు రెసిడెన్సీ స్తంభాలను అరువు తెచ్చుకోకముందే ఒక ఐరిష్ భూస్వామి మన వైపు గుమ్మటాన్ని అరువు తెచ్చుకున్నాడు. అదే కౌంటీలోని బాలీసాగర్ట్‌మోర్‌లో 1830లలో ఆర్థర్ కీలీ అషర్ కోటలాంటి గేటు లాడ్జీలు కట్టించాడు. లోపల కట్టాలనుకున్న కొత్త భవంతికి డబ్బు చాలక అది లేవనే లేదు. కరువు కాలంలో కౌలుదార్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టిన పేరు మాత్రం అతనికి మిగిలింది. ద్వారం కట్టినవాడి బలం ఎవరి మీద నిలిచిందన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

తేడా కావలివాడి దగ్గర ఉంది. గేటు లాడ్జి కావలి ఎస్టేటు జీతగాడు, అతనికి కప్పుకింద చోటు జీతంలో భాగం. గడీ దర్వాజ దగ్గర కూర్చున్న సుంకరి, మస్కూరి అనే గ్రామసేవకులు ఊరివాళ్లే. వాళ్ల ఇల్లు వాడలో ఉంది. గడీ పని వాళ్లకు వంతుల మీద వచ్చే వెట్టి. దొర సొంత జవాన్లు కొద్దిమంది పహరా గదుల్లో ఉండేవారు గానీ, కబురు మోసేది, మనిషిని పిలుచుకొచ్చేది, కాగడా పట్టేది, సవారీ ముందు పరుగెత్తేది వంతుకు వచ్చిన ఊరి మనిషే. అందుకే ఇక్కడ కావలివాడికి ఇల్లు కట్టలేదు. కట్టింది అరుగు. ఆ అరుగు మీద కూడా అందరికీ చోటు లేదు. రైతు కూర్చుంటే మాల, మాదిగ కులాలవాళ్లు కింద నిలబడేవారు. గేటు లాడ్జికీ గడీ దర్వాజకూ వాస్తులో కనబడే పెద్ద తేడా ఈ వెట్టిలోంచే పుట్టింది.

ఇంకొక తేడా దూరానిది. గేటు లాడ్జి నుంచి భవంతికి చెట్లనీడ బాట మైలు దూరం కూడా ఉండొచ్చు. లాడ్జి ముందు సాధారణంగా ఊరు ఉండదు, రహదారి ఉంటుంది. గడీ ఊరి నడుమనో ఊరికి ఆనుకునో ఉంటుంది. దర్వాజ ఎదురుగా పోయేవాడు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి, తలపాగా దించాలి. గడీ ముందు బతుకమ్మ ఆడి తీరాలని ఆడవాళ్లను బలవంతపెట్టిన జ్ఞాపకాలు ఈ సీమలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

దర్వాజ మూతపడిన రోజులు

1946 జులై 4న నేటి జనగామ జిల్లా కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖు గడీవైపు సాగిన ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి అది నిప్పురవ్వ అయింది. పోలీసు చర్య తరవాత 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చినా కరీంనగర్ జిల్లా ఉత్తర తాలూకాల్లో గడీల పట్టు పెద్దగా సడలలేదు.

ఆ పట్టు సడలింది 1978లో. ఆ ఏడాది సెప్టెంబరులో వేలాది రైతుకూలీలు జగిత్యాలకు తరలివచ్చి జరిపిన సభను జగిత్యాల జైత్రయాత్ర అంటారు. వెట్టి ఆగాలని, కూలి రేట్లు పెరగాలని, దొరల చేతిలోని బంజరు భూములు పేదలకు దక్కాలని అడిగారు. మాట వినని దొరలను ఊళ్లు సాంఘికంగా వెలివేశాయి. చాకలి బట్టలు ఉతకడం మానాడు, మంగలి గడ్డం గీయడం మానాడు, పాలేరు పనిలోకి రావడం మానాడు. వచ్చిపోయేవాళ్ల మీద ఆధారపడిన కట్టడానికి ఎవరూ రాకపోవడమే పెద్ద దెబ్బ. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు చాలామంది కరీంనగర్, హైదరాబాదులకు వెళ్లిపోయారు. కొన్ని గడీల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి, కొన్ని గడీలు దాడుల్లో దెబ్బతిన్నాయి, ఎక్కువ భాగం తాళం పడి వానకు వదిలేసినట్టయ్యాయి.

గడీ లోపలి బతుకును తెరమీద నిజాయితీగా చూపిన సినిమా బి. నర్సింగరావు తీసిన దాసి (1988). దానికి ఉత్తమ కళాదర్శకత్వానికి జాతీయ పురస్కారం అందుకున్న తోట వైకుంఠం పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు. నడవల చీకటి, అరుగుల ఎత్తు, వెనక దిడ్డి బాట ఆ సినిమాలో పాత్రలంత ముఖ్యంగా కనబడతాయి.

ఇప్పటి స్థితి

ఖాళీ అయిన గడీలో ముందు పోయేది కప్పు. పెంకు జారితే వాసం నానుతుంది, దూలం పుచ్చుతుంది, మిద్దె కూలి కింది అంతస్తును లాక్కుపోతుంది. ఆ వెనక మట్టి ప్రహరీ. నెత్తిమీది కప్పు పోయిన మట్టిగోడ ఏటా వానకు కొంత కరిగి చివరికి దిబ్బవుతుంది. రాయి, సున్నంతో కట్టిన దర్వాజ అన్నిటికన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే లోపల పత్తి చేనో ఖాళీ స్థలమో ఉండి, ముందు కమాను ఒక్కటే మిగిలిన చోట్లు కనబడతాయి. దానికి కూడా రెండు శత్రువులున్నాయి. ఒకటి రావిమొక్క. కమాను సందులో మొలిచిన వేరు ఇటుకలను విడదీస్తుంది. పై కొమ్మ నరికితే చాలదు, వేరు చావాలి. రెండోది సిమెంటు. సున్నం గోడ తేమను పీల్చి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, లవణాలు పేరుకుని, కొన్నేళ్లకు పూత పెళ్లలు పెళ్లలుగా ఊడి పాత ఇటుకను కూడా తీసుకుపోతుంది. గడీకి మేలు చేద్దామని చేసిన మరమ్మతుల్లో ఎక్కువ నష్టం దీనివల్లనే జరుగుతోంది. టేకు తలుపుల సంగతి వేరు. అవి శిథిలం కాకముందే పాత సామాను వ్యాపారుల ద్వారా నగరాల హోటళ్లకు, ఫామ్‌హౌస్‌లకు చేరిపోతున్నాయి.

నిలబెట్టిన ఉదాహరణలూ ఉన్నాయి. వంశీకులు పునరుద్ధరించిన దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో మెరిట్ గుర్తింపు వచ్చింది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్, గద్వాల కోటలో కళాశాల నడుస్తున్నాయి. వరంగల్ జిల్లా కల్లెడలో పాత గడీ ఆవరణ పల్లె పిల్లల బడి అయింది. ఒకప్పుడు తల వంచి లోపలికి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు పుస్తకాల సంచులతో అదే వాకిట్లోంచి నడవడం నాకు ఈ కట్టడాలకు దొరికిన అన్నిటికన్నా సరైన వాడకంగా తోస్తుంది.

గడీని కాపాడాలన్న మాట వచ్చినప్పుడల్లా దొరతనాన్ని పొగుడుతున్నారా అన్న అనుమానం ఈ సీమలో వస్తుంది. అది న్యాయమైన అనుమానమే. వెట్టి ఎలా నడిచిందో కాగితాలకన్నా స్పష్టంగా చెప్పే సాక్ష్యం మాత్రం దర్వాజ. దిడ్డి ఎత్తు, అరుగు ఎత్తు, గడప ఎత్తు కొలిస్తే ఎవరిని ఎంత వంచారో లెక్క తేలుతుంది. తెలంగాణ వారసత్వ చట్టం 2017లో వచ్చినా గడీల్లో ఎక్కువ భాగం ప్రైవేటు ఆస్తులే, రక్షిత కట్టడాల జాబితాలో లేనివే. చట్టం అందే లోపు చేయగలిగింది కొలతలు తీయడం. కమాను వెడల్పు, ఎత్తు, గోడ మందం, అడ్డగడియ తొర్ర లోతు, దిడ్డి కొలత, గచ్చు బొమ్మల వరుస, సున్నం ముక్క నమూనా, వీటితోపాటు ఆ వాకిట్లో నిలబడిన తరం చెప్పే మాటలు. ఆ తరంలో అరుగు కింద నిలబడినవాళ్ల మాట ముందు రాసుకోవాలి, అరుగు మీద కూర్చున్నవాళ్లది తరవాత.